గొడుగు దొర గొంతు

నాకు సీటొచ్చింది. హైదరాబాదులో ఎమ్మెస్సీ, కెమిస్ట్రీ, నెలనెలా స్కాలర్‌షిప్పుతో సహా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. పట్టా తెచ్చుకున్న సంబరం ఇంకా తగ్గకముందే ఇది వచ్చింది. ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఫోను చూస్తే మెయిలు కనబడింది. నోట్లో నురగతోనే అమ్మను పట్టుకుని తిప్పేశాను. అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత ఎందుకని అడిగింది.

ఒక్కటే చిక్కు. ఆ సాయంత్రం ఆరు లోపల వాళ్ళ సైటులో చేరుతున్నానని నొక్కాలి. నొక్కకపోతే సీటు నా వెనక వరసలో ఉన్న వాళ్ళకు పోతుంది. నొక్కాలంటే నాయన సరే అనాలి.

నాయన అప్పటికే ఆటో తీసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. ఫోను చేసి చెప్పాను. వెనక బస్సుల హారన్లు మోగుతున్నాయి.

"హైదరాబాదా," అన్నాడు. "ఈడ లేని కాలేజీనా పాపా? యాడాడి నించో పిల్లోళ్ళు మన తిరపతికి వచ్చి సదువుకుంటా ఉండారు. నువ్వేమో ఈడ్నించి పోతానంటావు."

ఈ మాటకు తిరుపతిలో జవాబు చెప్పడం కష్టం. నాయన ఆటో ఎక్కే వాళ్ళలో కొండకు పోయేవాళ్ళు సగమైతే, ఏదో ఒక కాలేజీకి పోయేవాళ్ళు మిగతా సగం. నేను స్కాలర్‌షిప్పు గురించి మొదలుపెట్టేలోపు ఎవరో ఆటో ఎక్కారు.

"సరే, పెద్దోణ్ణి అడుగు. వాడేమంటే అది. వాణ్ణే నాకు ఫోన్ చేయమను," అని పెట్టేశాడు.

పెద్దోడంటే మా పెద్దమ్మ పెద్ద కొడుకు, నా పెద్దన్న. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కంపెనీ బస్సులో పోయి వస్తాడు, నాలుగు రాష్ట్రాల వాళ్ళతో పని చేయిస్తాడు, ఒకసారి పూణే కూడా వెళ్ళొచ్చాడు. కాబట్టి నాయన లెక్కలో అన్నకు లోకం తెలుసు. డిగ్రీ చదివింది నేను, లోకం తెలిసింది అన్నకు. దీని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆ రోజు నాకు తీరిక లేదు.

పాలకోవా డబ్బా ఒకటి కొనుక్కుని, బైపాసు పక్కన అన్న అద్దెకున్న ఇంటికి బయలుదేరాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. స్కాలర్‌షిప్పు ముందు చెప్పాలా, హాస్టలు ముందు చెప్పాలా? హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడన్న సంగతి ఎక్కడ ఇరికించాలి?

వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పెద్దన్న, చిన్నన్న ఇద్దరూ టీవీ వెనక దూరి ఉన్నారు. చిన్నన్న పెద్దన్నకు తమ్ముడు. రైల్వేస్టేషను దగ్గర లాడ్జిలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఆ వేళప్పుడు నిద్రపోతూ ఉండాల్సిన మనిషి.

"అన్నా, నాకు సీటొచ్చింది," అన్నాను గడపలోనే.

"గమ్మునుండు మే. ఆ వైరు పట్టుకో," అన్నాడు పెద్దన్న.

పట్టుకున్నాను. డబ్బా ఒక చేతిలో, వైరు ఒక చేతిలో.

"అన్నా, హైదరాబాదులో ఎమ్మెస్సీ..."

"దొర దొరికినాడు పాపా," అన్నాడు చిన్నన్న, టీవీ వెనక నుంచి తల బయట పెట్టి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. "మన గొడుగు దొర. మొత్తం ఎవురో ఎక్కించినారు నెట్‌లో. ఒక్క భాగం కూడా మిస్ లేదు."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు. మా సొంతూరు కార్వేటినగరం పక్కన. అరవ దేశం మాకెంత దగ్గరంటే, మా కేబులాయన ఇచ్చే ఛానళ్ళలో సగం అక్కడివే. పెద్దమ్మ వాళ్ళింట్లో ఒక పాత టీవీ ఉండేది. బొమ్మ బాగానే వచ్చేది గానీ స్పీకరు పోయింది. చెవి ఆనిస్తే దోమ రొద పెట్టినట్టు ఏదో వినబడేది, అంతే. బాగు చేయించమంటే, బొమ్మ కనబడతా ఉండాది కదా, ఇంకేం కావాలనేవాడు పెదనాయన. ఆదివారం పొద్దున ఆ టీవీ ముందు మేం నలుగురం కూర్చునేవాళ్ళం: పెద్దన్న, చిన్నన్న, నా సొంత అక్క, నేను. నేను చాలా చిన్నదాన్ని. అక్క అందరికంటే పెద్దది కాబట్టి టీవీ పక్కనే, పెట్టెకు చెవి పెట్టుకుని కూర్చునేది. వేసవి సెలవులు ఎప్పుడూ అరవ దేశంలోని పళ్ళిపట్టులో అత్త వాళ్ళింట్లో గడిపేది కాబట్టి దానికి అరవం వచ్చని ఇంట్లో పేరు.

గొడుగు దొర అనేది ఆ టీవీలో వచ్చే కార్టూను వీరుడికి మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరు. నీలం కోటు వేసుకుంటాడు. పై నుంచి దూకితే వీపు మీది గుడ్డ గొడుగులాగా విచ్చుకుని మెల్లగా కిందికి దిగుతాడు. ఇనప దవడ ఉన్న వాడొకడు ఊళ్ళు పగలగొడుతూ ఉంటాడు, దొర వచ్చి కాపాడుతాడు. కార్వేటినగరంలో రాజుల మేడ చూసిన పిల్లలం కదా, దర్జాగా ఉన్న ప్రతివాడూ మాకు దొరే. అన్నలిద్దరూ తువ్వాళ్ళు మెడకు కట్టుకుని ఎక్కని గోడ లేదు. చిన్నన్న మోచేతి మీద కుట్ల గుర్తు ఇప్పటికీ ఉంది. లాడ్జిలో ఎవరైనా అడిగితే బైకు మీద పడ్డానని చెప్తాడు.

ఇక పెద్దన్నకు గొడుగు దొర అంటే ఆట కాదు. దొర ప్రతిసారీ ఎవరో ఒకరి దగ్గర మూటో, బండో, పెట్టో అందుకుని ఒక మాట అంటాడు: "బరువు నాకియ్యి, నువ్వు ముందు నడువు." ఆ మాటను అన్న తన బైకు వెనక ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఆ మాటే చెప్తాడు. వాళ్ళు వెనకాల బరువన్న అని పిలుచుకుంటారట. ఆ సంగతి అన్నకు తెలుసు, దానికి మురిసిపోతాడు కూడా.

సరే, వైరు తగులుకుంది. టీవీలో నీలం కోటు కనబడింది. ఇద్దరూ నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. వంటింట్లోంచి వదిన నన్ను చూసి నవ్వింది. వదినది తిరుత్తణి. తెలుగు వాళ్ళే గానీ చదువంతా అరవంలోనే.

"పిలిస్తే పలకరు, అన్నం పెడతానన్నా లేవరు. పొద్దున్నించీ ఇదే కత," అంది. "నువ్వేందో చెప్తా ఉండావే, ఏంది?"

"సీటొచ్చింది వదినా. సాయంత్రం ఆరుకల్లా..."

"ఏందిరా ఇది, అరవంలో మాట్లాడతా ఉండాడు," అన్నాడు పెద్దన్న గట్టిగా. నా సీటు మళ్ళీ అక్కడే ఆగింది.

దొర అరవం మాట్లాడుతున్నాడు. పైగా గొంతు సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టుంది. అన్నలిద్దరి ముఖాలూ చూడాలి. పెళ్ళిచూపులకు పోతే పిల్ల బదులు వాళ్ళ నాయన వచ్చి కూర్చున్నట్టు చూశారు.

"తెలుగుది పెట్టురా."

"ఉండు, వెతకతా ఉండా."

చిన్నన్న వెతికాడు. అరవం ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. తెలుగు లేదు. అన్నం తినే వేళ అయింది, మధ్యలో అన్నం తిన్నాం, ఆ తర్వాత కూడా తెలుగు లేదు. ఈ కార్టూను చూసి పెరిగిన వాళ్ళదొక గ్రూపు ఉంది ఫోనులో. చిన్నన్న అందులో ఉన్నాడు. అందరూ పెళ్ళాం పిల్లలున్న వాళ్ళే, పగలూ రాత్రీ దొర బొమ్మలు పంపుకుంటూ ఉంటారు. అందులో అడిగితే ఒక వేలూరు మనిషి, ఇది తెలుగులో ఎప్పుడూ రాలేదని రాశాడు.

"వాడికేం తెలుసు వేలూరోడికి," అన్నాడు పెద్దన్న. "తెలుగులో వచ్చిందా లేదా తెలుగోళ్ళకి తెలస్తాది."

కాసేపటికి నగరి మనిషి ఒకడు, మా ఊళ్ళో కూడా అరవంలోనే వచ్చేదప్పా అని తెలుగులోనే రాశాడు. నగరి మా ఊరికి పక్కనే.

"నగరోడు ఎప్పుడు నిజం చెప్పినాడు," అన్నాడు పెద్దన్న. అప్పుడు నా వైపు తిరిగాడు. పొద్దున్నుంచి మొదటిసారి. "పాపా, నువ్వు డిగ్రీ సదివినావు కదా. వాళ్ళకి ఇంగ్లీషులో గట్టిగా రాయి. మళ్ళీ నోరెత్తకూడదు."

నా డిగ్రీ ఆ రోజు ఆ ఇంట్లో పనికొచ్చింది అక్కడొక్కచోటే. రాశాను. ఏం చేయను, అన్న మనసు కుదుటపడితే గానీ నా మాట ఎక్కదు. అయ్యా, ఈ కార్టూను తెలుగులో వచ్చింది, మేం నలుగురం చిన్నప్పుడు ప్రతి ఆదివారం చూశాం, అందులోని మాటలు మాకు ఇప్పటికీ నోటికి వచ్చు, అని మంచి ఇంగ్లీషులో రాసి పంపాను. అన్న చదివించుకుని, ఇంకా ఘాటుగా ఉండాలన్నాడు. ఇంకా ఘాటుగా రాశాను. వేలూరు మనిషి నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

"అన్నా, ఇప్పుడన్నా ఒక నిమిషం నా మాట..."

"ఉండు పాపా, వీడికి బదులు చెప్పాల కదా. దొర ఆ వంతెన కాడ ముసిలాయన బండి ఎత్తతాడు చూడు, ఆ భాగం పెట్టురా. అరవంలోనైనా ఆ మాట ఉంటాది కదా. మీ వదిన చెప్తాది."

చిన్నన్న వెతికి పెట్టాడు. వంతెన, ముసలాయన, కూరగాయల బండి. దొర గొడుగు విప్పుకుని దిగాడు. బండి పట్టుకున్నాడు. అన్న శబ్దం పెంచాడు. దొర ఏదో అన్నాడు.

వదిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "జరుగు తాతా, బండిలో బాంబు ఉండాది, అంటా ఉండాడు."

"సరిగ్గా విను."

మళ్ళీ వేశారు. వదిన మళ్ళీ వింది. "జరుగు తాతా, బండిలో బాంబు ఉండాది. అంతే మామా. బరువూ లేదు, ముందు నడిచేదీ లేదు." వదిన అన్నను మామా అనే పిలుస్తుంది.

"నీకు అరవం మర్చిపోయినట్టుండాది."

"నాకా? పోయిన వారం మీ అమ్మకి ఆస్పత్రిలో డాక్టరమ్మ అరవంలో చెప్పిందంతా తెలుగులో ఎవురు చెప్పినారు? నీ దొరా?"

చిన్నన్న నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. అన్న రిమోటు చాప మీద పెట్టి, లేచి, లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మొత్తాన్ని నడిపించే మనిషి.

సరిగ్గా అప్పుడే నాయన ఫోను.

"ఏమన్నాడు పెద్దోడు?"

"పడుకోనుండాడు నాయనా."

"ఈ పొద్దులో ఏం పడక? ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండాది. గొడుగు దొర..."

"ఎవురు?"

"ఏం లేదు నాయనా. చేయిస్తా."

నాకు అరవాలనిపించింది. మూడేళ్ళు బస్సులో నిలబడి కాలేజీకి పోయి తెచ్చుకున్న చదువు, దాని మీద వచ్చిన సీటు, అది వెళ్ళి ఒక బొమ్మ మనిషి కూరగాయల బండి దగ్గర ఏమన్నాడన్న దాని మీద ఆగి ఉంది. గది గుమ్మంలో నిలబడి అన్న వీపుకు చెప్పాను. అన్నా, సీటు, హైదరాబాదు, ఆరు గంటలు, నాయనకు ఒక్క ఫోను. వీపు కదలలేదు.

"తెలుగులో అన్నాడు పాపా," అంది వీపు. "నేను ఇన్నా. ఈ చెవుల్తో ఇన్నా. బరువైన గొంతు."

ఎలా విన్నాడు? ఆ టీవీకి స్పీకరే లేదు కదా.

ఈ మాట నాకు అప్పుడు తట్టింది. ఇంత పొద్దూ తట్టలేదెందుకని ఇప్పటికీ నా మీద నాకే విసుగు. మేం ముగ్గురం దూరంగా కూర్చునే వాళ్ళం. మాకేం వినబడేది? చెవి పెట్టుకుని కూర్చున్నది ఒక్కటే మనిషి. ఆ మనిషి దొర ఏమన్నాడో మాకు చెప్పేది, నవ్వితే నవ్వేది, అరిస్తే అరిచేది. రానురాను మేం అక్కను చూడడం మానేశాం. దొరే మాట్లాడుతున్నాడనుకున్నాం.

అక్కకు ఫోను చేశాను. అక్క చిత్తూరులో ఉంటుంది, ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడుతుంది. మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. స్పీకరు పెట్టి గది గుమ్మంలో నిలబడ్డాను.

"అకా, చిన్నప్పుడు గొడుగు దొర చూస్తా ఉంటిమే, నీకు వాళ్ళ అరవం అర్థమయ్యేదా?"

మిషను ఆగింది. "ఇప్పుడెందుకే అది?"

"చెప్పకా."

"యాడ అర్థమయ్యేది? అత్తోళ్ళింట్లో ఇంగ వా, అంగ పో, సాపుడు. రా, పో, తిను. అంతే నాకొచ్చింది. వాడేమో గడగడా మాట్లాడతా ఉండె. ఆ టీవీలో అది కూడా సరిగ్గా ఇనపడేది కాదు."

"మరి మాకు చెప్పిందంతా?"

"నోటికొచ్చింది సెప్పినా. మీరు నోళ్ళు తెరుచుకోని ఇంటా ఉంటిరి, ఆపితే ఏడుస్తా ఉంటిరి. ఏం చేసేది?"

గోడవైపున్న మనిషి ఇటు తిరిగాడు. లేచి కూర్చున్నాడు. నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అకా. పాలు తాగితేనే ఎగరగలవు అన్నది?"

"నేనేరా. మీ తమ్ముడు గ్లాసు గేదెకి పోస్తా ఉంటే."

"చిన్న పిల్లని ముందర కూసోబెట్టినోడే నా మనిషి అన్నది?"

"నేనే. లేకుంటే పాపని తొక్కేస్తా ఉంటిరి ఇద్దరూ."

అన్న గొంతు సవరించుకున్నాడు. వదిన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"బరువు నాకియ్యి, నువ్వు ముందు నడువు?"

అక్క మిషను మళ్ళీ తిప్పింది. "అదా. బోరింగు కాడ్నించి నాలుగు బిందెలు ఎవురు మోసేది రా? నేనొక్కదాన్నేనా? ఆ మాట సెప్పినాక చూడు, మీరిద్దరూ కొట్లాడుకోని మోసినారు. నేను ముందర ఊరికే చేతులూపుకుంటా నడిచినా."

చిన్నన్న నేల మీద పడి నవ్వాడు. వదిన ఇక ఆపుకోలేదు. "మామా, బండి మీద రాసుకున్నావే, అది నీళ్ళ బిందెల మాటా?"

అన్న నవ్వలేదు. కోప్పడలేదు కూడా. ఫోను నా చేతిలో పెట్టేశాడు. నిజంగా బాధపడ్డాడని నాకు తెలిసింది, కానీ టైము అయిదు దాటింది. జాలి పడేంత వ్యవధి నా దగ్గర లేదు.

"అకా, నాకు సీటొచ్చింది," అన్నాను ఫోనులోకి. ఒక్క గుక్కలో మొత్తం చెప్పేశాను. హైదరాబాదు, స్కాలర్‌షిప్పు, నాయన మాట, ఆరు గంటలు, పొద్దున్నుంచి వీళ్ళ గొడవ, నేను రాసిన ఇంగ్లీషు.

"ఏమే, ఇది ముందు సెప్పొద్దా? ఆ బొమ్మ ముండాకొడుకు సంగతి ముందు అడగతావా?" అంది అక్క. ముక్కు ఎగబీల్చింది. "ఎమ్మెస్సీనా? మా పాపా?"

అప్పుడు చిన్నన్న లేచి కూర్చుని ఒక మాట అన్నాడు. నేనైతే అది అడిగి ఉండను. "అకా, ఒక్కసారి చెప్పకా. ఆ వంతెన భాగం. అరవం నేను ఆపేస్తా."

"ఇప్పుడా? నాకు పెళ్ళి జాకెట్లు ఉండాయి రా."

"ఒక్కసారే అకా."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అయినా ఫోనును వీడియోలో పెట్టి టీవీ వైపు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నా చేతులకు వైర్లు, ఫోన్లు పట్టుకోవడం తప్ప వేరే పని రాసిపెట్టలేదు. చిన్నన్న శబ్దం తీసేశాడు. వంతెన వచ్చింది. పెద్దన్న గది గుమ్మంలోంచి రెండడుగులు వేసి, ఇంకో రెండు వేసి, వచ్చి చాప అంచున కూర్చున్నాడు, ఇటు చూడనట్టే.

దొర దిగాడు. అక్క మొదలుపెట్టింది. అదే గొంతు. సన్న గొంతు అక్కది, దాన్ని గొంతుకలోకి లాగి బరువు చేసి మాట్లాడుతుంది.

"తాతా, బరువు నాకియ్యి, నువ్వు ముందు నడువు."

అన్న కళ్ళు మూసుకున్నాడు.

దొర నోరు ఇంకా ఆడుతూనే ఉంది. అక్క ఆగలేదు. "ఒరే పెద్దోడా, నువ్వు కూడా ఇను."

"దొర నా పేరు ఎత్తడు," అన్నాడు అన్న కళ్ళు తెరవకుండానే.

"ఈ వారం ఎత్తతాడు, గమ్మునుండు," అంది అక్క మామూలు గొంతుతో. మళ్ళీ బరువు గొంతు. "పిల్లకి సదువొచ్చింది. పొద్దున్నించీ నీ గుమ్మంలో నిలబడుండాది. ఫోను ఎత్తి మీ సిన్నాయనకి సెప్పు. తర్వాత ఈ ఇనప దవడోడి సంగతి నేను సూసుకుంటా."

ఇనప దవడవాడు వంతెన విరగ్గొట్టాడు. దొర ఎగిరాడు. అన్న జేబులోంచి ఫోను తీసి నాయనకు చేశాడు.

నేను దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అన్న వాడలేదు. స్కాలర్‌షిప్పు అనలేదు, హాస్టలు అనలేదు, వాచ్‌మన్ సంగతి అసలే రాలేదు. "సిన్నాయనా, పాపని పంపిద్దాం," అన్నాడు. అటు నుంచి నాయన ఏదో అడిగాడు. "ఈడ కాలేజీలు ఉండాయి సిన్నాయనా, యాడికీ పోవు. సీటు పోతాది," అన్నాడు. ఇంకేదో విన్నాడు. "నేను పోయి దించొస్తా. సెలవు పెడతా," అన్నాడు. అంతే. అర నిమిషం పట్టలేదు. ఈ అర నిమిషం కోసం నేను అన్ని గంటలు కూర్చున్నాను.

సైటు తెరిచి నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, మళ్ళీ మొదటికి వచ్చింది. రెండోసారి నొక్కితే పచ్చగా టిక్కు పడింది. "అయిపోయింది," అన్నాను. వదిన నా బుగ్గ గిల్లి, నోట్లో పాలకోవా పెట్టింది. పొద్దున తెచ్చిన దాంట్లో అదొక్కటే మిగిలింది. మిగతాదంతా అన్నలిద్దరూ ఎందుకు తెచ్చావని కూడా అడక్కుండా తినేశారు.

వెళ్ళేటప్పుడు అన్న వాకిలి దాకా వచ్చాడు. బైకు వెనక ఎర్ర అక్షరాల వైపు ఒకసారి చూశాడు. తుడిపేస్తాడేమో అనుకున్నాను.

"అన్నా, నిజం చెప్పు. నన్ను పంపించాలని నీకుండాదా, అక్క చెప్పిందని చెప్పినావా?"

"నాకెందుకుండదు? పొద్దున్నే చెప్పుంటే పొద్దున్నే ఫోన్ చేసుందును కదా మే," అన్నాడు ఏమీ ఎరగనట్టు.

నేను విసవిసా వీధి చివరి దాకా నడిచాను.

ఇంటికి పోకుండా బస్టాండు వైపు వెళ్ళాను. నాయనకు ఎదురుగా నిలబడి చెప్పాలనిపించింది. ఆటోల వరసలో నాయన బండి లేదు, బాడుగకు పోయినట్టుంది. పక్క ఆటో ఆయన, నాయనకు పాత స్నేహితుడు, నన్ను చూసి సీట్లోంచి దిగాడు.

"రా పాపా. హైదరాబాదుకు ఎప్పుడు పోయేది?"

"మీకెవరు చెప్పినారు?"

"మీ నాయనే. పొద్దున్నే అందరికీ టీ తాపించినాడు. మా పాపకి పెద్ద సదువు వచ్చిందని ఈడ ఆటోలోళ్ళకే కాదు, ఎక్కినోళ్ళందరికీ చెప్తా ఉండాడు. కొండకు పోయేటోళ్ళకి కూడా."

నాయన వచ్చేదాకా ఆ ఆటోలోనే కూర్చున్నాను. వచ్చాడు. ఎవరినో దించి, చిల్లర జేబులో వేసుకుని, నన్ను చూసి నవ్వాడు.

"నాయనా, పొద్దున్నే అందరికీ చెప్పినావంట."

"చెప్పినా. చెప్పొద్దా?"

"మరి పెద్దన్నని అడగమన్నావు? పెద్దన్న ఏమంటే అది అన్నావు?"

నాయన నా వైపు వింతగా చూశాడు, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"అడగొద్దా మరి? ఇంట్లో పెద్దోడు. మనం అడగకుండా పంపిస్తే వానికి ఎట్లుంటాది?" అన్నాడు. "వాడు కూడా సరే అన్నాడు కదా. ఎక్కు, పోదాం."

ఆటో ఎక్కాను. ఇంటి దాకా నాయన స్కాలర్‌షిప్పు గురించి అడిగాడు, హాస్టలు గురించి అడిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడా అని కూడా అడిగాడు.